కలిసి పాడే విద్య

పాఠశాలలో వార్షికోత్సవం దగ్గర పడుతుంది. ప్రార్థనగీతానికి పిల్లలను ఏరుతారు. ఆరవ తరగతి మొదలు పదవ తరగతి దాకా వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత ఒక్కొక్క పాదం పాడించి, "నీవు ఇటు రా, నీవు వెళ్లి కూర్చో" అని తేల్చివేస్తారు. మూడువందల మందిలో నలుగురు మిగులుతారు. కూర్చోమన్న పిల్లలు ఆనాటి నుండి తమకు పాట రాదని నమ్ముతారు. వారే పెరిగి పెద్దవారై, ఉపాధ్యాయులై, తమ శిష్యులను కూడా ఆ విధంగానే ఏరుతారు. లెక్కలలో తప్పిన వానికి మరుసటి పరీక్ష ఉన్నది. పాటలో తప్పిన వానికి అదీ లేదు.

ఇది మన సంప్రదాయమా అంటే, కానే కాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలో పుట్టి పెరిగిన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నల్లమల అంచున ఉన్న పల్లెలలో చెక్కభజన చూడనివారెవరు? చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నడుమ గురువు. ఆయన ఎత్తుకున్న పాదాన్ని ఇరువది మంది ఒక్క ఊపిరిగా అందుకుంటారు. అడుగు మారితే తాళం మారుతుంది, తాళం మారితే పాట నడక మారుతుంది. వరుసలో నిలిచిన వాని గొంతు ఎట్టిదని అక్కడ ఎవరూ అడగరు. చెక్క తప్పితే గురువు కన్నెర్ర చేస్తాడు గాని, గొంతు బొంగురుగా ఉన్నదని ఎవరినీ వరుసలోనుండి తీసివేయడు. కోలాటమూ అంతే, ఏకాదశి భజనా అంతే. గుడి ముందర ఊరందరిదైన పాట, అదే ఊరి బడిలోకి వచ్చేసరికి నలుగురి సొత్తుగా మారిపోవడం విచిత్రం.

ఈ విచిత్రానికి విరుగుడు వెదకి, కలిసి పాడడాన్ని ఒక విద్యగా మలచి, దానిని వృత్తిగాయకులు కానివారికీ, బడిపిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ నేర్పుతూ, ఆ నేర్పే పనిమీద వెళ్లినచోటనే కన్నుమూసిన సంగీతకారుడు ఒకరున్నారు. ఆయన ఎం. బి. శ్రీనివాసన్. మలయాళదేశంలో ఎం.బి.ఎస్. అన్న మూడక్షరాలు తెలియనివారు అరుదు. ఆయన చిత్తూరులో పుట్టినవాడని తెలిసిన తెలుగువారు అంతకంటె అరుదు.

మానామదురై బాలకృష్ణన్ శ్రీనివాసన్ 1925 సెప్టెంబరు 19న చిత్తూరులో జన్మించినారు. ఇంటిపేరుగా నిలిచిన ఊరు తమిళదేశంలోనిది. పుట్టిన ఊరు తెలుగు, తమిళం రెండూ ఒకే వీధిలో వినవచ్చే ఊరు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పక తప్పదు. ఆయన పుట్టడానికి ఆరేండ్లు ముందు, 1919 ఫిబ్రవరిలో, నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు రవీంద్రనాథ టాగూరు వచ్చినారు. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, జనగణమన గీతాన్ని తానే ఆంగ్లంలోనికి అనువదించినారు. ఆ కళాశాల ప్రధానాచార్యులైన జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం చక్కగా నేర్చిన విదుషి. కవి నోట విన్న వరుసను ఆమె స్వరలిపిలో పెట్టినారు. నేడు దేశంలోని పిల్లలందరూ ఉదయమే కలిసి పాడే ఒకే ఒక పాటకు స్వరం కాగితం మీదికి ఎక్కడంలో మన సీమకు ఇంత పాత్ర ఉన్నది. ఆ సీమలోనే శ్రీనివాసన్ పుట్టడం యాదృచ్ఛికమే. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడంలో ఒక సంతోషం ఉన్నది.

చదువు మద్రాసులో సాగినది. కర్ణాటక సంగీతంతో పరిచయం చిన్ననాటిదే. అయితే ఆయనను తీర్చిదిద్దినది కచేరీ వేదిక కాదు, విద్యార్థి ఉద్యమం. స్వాతంత్ర్యానికి ముందు వెనుకల సంవత్సరాలలో ఆయన కమ్యూనిస్టు ఉద్యమంలో చేరినారు. తరువాత ఢిల్లీలో ప్రసిద్ధ పార్లమెంటు సభ్యుడు ఎ. కె. గోపాలన్ వద్ద కార్యదర్శిగా పనిచేసినారు. వివాహం కూడా ఆ వాతావరణానికి తగినట్లే జరిగినది. భార్య జాహిదా, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె. విద్యార్థులకు ఈ పేరు చరిత్ర పాఠంలో తగిలి ఉంటుంది. 1919 ఏప్రిల్ 10న అమృతసరంలో కిచ్లూను, డాక్టర్ సత్యపాల్‌ను నిర్బంధించినందుకే ప్రజలు ఆగ్రహించినారు. మూడు దినాల తరువాత జలియన్‌వాలాబాగ్ దారుణం జరిగినది.

ఆ రోజులలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా నగరాలలో ఇప్టా అనే పేరుతో భారతీయ ప్రజానాట్య సంఘం చురుకుగా పనిచేస్తూ ఉండేది. 1943లో ఏర్పడిన ఈ సంఘానికి మన ప్రజానాట్యమండలి తెలుగు శాఖ వంటిది. షేక్ నాజర్ బుర్రకథ ఊరూరా మారుమ్రోగినది ఆ మండలి నీడలోనే. ఉత్తరాదిని ఇప్టా కవిగాయకులకు కనిపించిన కొత్త ఆయుధం బృందగానం. ఒక్క గాయకుడు పాడితే జనం చప్పట్లు కొడతారు. నలుబది మంది కలిసి పాడితే జనం తామూ గొంతు కలుపుతారు. ఈ తేడాను వారు గ్రహించినారు. బెంగాలులో సలిల్ చౌధురి పాశ్చాత్య పద్ధతిలో పలు గొంతులకు పలు వరుసలు కల్పించి పాటలు కట్టినారు. ఆయన పూనికతో బొంబాయి యూత్ కోయిర్ వెలసినది. కలకత్తాలో 1958లో రుమా గుహఠాకుర్తా నాయకత్వాన కలకత్తా యూత్ కోయిర్ ఏర్పడినది. శ్రీనివాసన్‌కు బృందగానం మీద మనసు నిలిచినది ఈ సహవాసంలోనే.

మద్రాసుకు తిరిగి వచ్చిన తరువాత ఆయన చలనచిత్ర సంగీతంలో అడుగు పెట్టినారు. 1960లో వెలువడిన 'పాదై తెరియుదు పార్' అన్న తమిళ చిత్రం ఆయన తొలి ప్రయత్నం. దర్శకుడు నిమాయ్ ఘోష్ బెంగాలీ. అంతకు ముందు దేశవిభజన బాధితుల గురించి 'ఛిన్నమూల్' తీసినవాడు. పాటలు వ్రాసినవారిలో జయకాంతన్ ఉన్నారు. ఆ చిత్రంలో నేటికీ తమిళులు మరువని ఒక యుగళగీతాన్ని పాడిన పి. బి. శ్రీనివాస్, ఎస్. జానకి ఇద్దరూ మన తెలుగువారు. మరుసటి సంవత్సరం 1961 నవంబరు 14న మద్రాసులో భానుమతీ రామకృష్ణుల భరణీ స్టూడియోలో, 'కాల్పాడుకళ్' అనే మలయాళ చిత్రం కోసం, కులమతభేదాలు లేని లోకాన్ని గూర్చి నారాయణగురు చెప్పిన పద్యాన్ని ఒక యువకుని చేత ఆయన పాడించినారు. ఆ యువకుడు కె. జె. ఏసుదాసు. అది ఆయన మొదటి ధ్వనిముద్రణ.

సినిమా విషయం ఇంతటితో విడిచిపెట్టవచ్చును. ఓ.ఎన్.వి. కురుప్ సాహిత్యంతో ఆయన కట్టిన వరుసలు, 'ఉళ్‌క్కడల్', 'యవనిక' వంటి చిత్రాలు, మలయాళ రసికులకు సుపరిచితాలు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది. అడూర్ గోపాలకృష్ణన్ తీసిన 'స్వయంవరం', 'ఎలిప్పత్తాయం', 'ముఖాముఖం', 'అనంతరం' చిత్రాలకు సంగీతం కూర్చినది ఆయనే. ఆ చిత్రాలలో సంగీతం ఎంత తక్కువగా వినిపిస్తుందో చూసినవారికి తెలుసు. వందగొంతుల చేత ఒక్కసారి పాడించగలిగిన మనిషికి, ఎక్కడ ఊరుకోవాలో కూడా అంత బాగా తెలియడం గొప్ప విషయం.

ఇంకొక పని కూడా ఆయన చేసినారు. తెరమీద సంగీత దర్శకుని పేరు పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. వయొలిన్ వాయించిన ముప్పది మందిలో ఒక్కరి పేరూ కనిపించదు. నాటి మద్రాసు స్టూడియోలలో వాద్యకారుని కూలికి గాని, పనివేళలకు గాని ఒక పద్ధతి ఉండేది కాదు. వారిని ఒక సంఘంగా నిలబెట్టడంలో శ్రీనివాసన్ ముఖ్యపాత్ర వహించినారు. బృందంలో ప్రతి గొంతుకూ విలువ ఉన్నదని పాటలో చెప్పడం ఒక ఎత్తు. కూలి లెక్కలో చెప్పడం మరొక ఎత్తు. ఆయనకు ఈ రెండూ వేరువేరు పనులుగా తోచినట్లు లేదు.

1970ల తొలినాళ్లలో ఆయన మద్రాసు యూత్ కోయిర్‌ను నెలకొల్పినారు. దానిలో పాడినవారు వృత్తిరీత్యా గాయకులు కారు. పగలు తమ తమ ఉద్యోగాలు, చదువులు చూసుకుని, సాయంత్రం అభ్యాసానికి వచ్చిన మామూలు మనుషులు. ఆ బృందం అనేక భారతీయ భాషలలో పాడినది. సుబ్రహ్మణ్య భారతి కవితలకు ఆయన కట్టిన బృందగానపు వరుసలు ప్రత్యేకంగా పేరు తెచ్చినవి.

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చును. గోష్ఠిగానం మనకు కొత్తదా? తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధననాడు వందలాది విద్వాంసులు పంచరత్న కీర్తనలను ఏకకంఠంతో పాడడం లేదా? త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు, ఉత్సవసంప్రదాయ కీర్తనలు కలిసి పాడడానికి ఉద్దేశించినవే కావా? నిజమే. కాని ఆ పాటలో అందరూ పాడేది ఒకే వరుస. వందమంది పాడినా స్వరం ఒక్కటే. గంభీరత పెరుగుతుంది గాని కట్టడం మారదు. భజనలో గురువు ఒక పాదం, బృందం ఒక పాదం. అది ప్రశ్న, జవాబు. పాశ్చాత్యుల బృందగానంలో అట్లా కాదు. ఒకే క్షణంలో స్త్రీల పైగొంతు ఒక స్వరం, క్రిందిగొంతు వేరొక స్వరం, పురుషుల పైగొంతు మూడవది, మంద్రం నాలుగవది పలుకుతాయి. సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అని వాటికి పేర్లు. నాలుగూ కలిసినప్పుడు ఏ ఒక్క గొంతులోనూ లేని ఐదవది ఏదో వినిపిస్తుంది. దానినే హార్మొనీ అంటారు.

మన రాగానికి ఈ పద్ధతి సరిపడదని పండితులు చాలాకాలం అభ్యంతరం చెప్పినారు. ఆ అభ్యంతరం తేలికగా కొట్టివేయదగినది కాదు. తోడి రాగంలో గాంధారం నిలిచి ఉండే స్వరం కాదు, అది ఊగుతుంది. ఆ ఊగడమే తోడి. నలుబది మంది ఒకే వేగంతో, ఒకే మేరకు ఊగలేరు. ఊగినారే అనుకుందాం, దాని క్రింద మరొక స్వరం నిలిపితే రెండూ రాచుకుంటాయి. గమకం తీసివేస్తే రాగం చచ్చిపోతుంది. మరి ఏమి చేయాలి?

దారి లేకపోలేదు. ముత్తుస్వామి దీక్షితులు పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలోనే ఇంగ్లీషు బ్యాండువారి వరుసలు విని, శంకరాభరణంలో నొట్టుస్వర సాహిత్యాలు కట్టినారు. అన్ని రాగాలూ తోడి వంటివి కావు. శంకరాభరణం, మోహనం, హంసధ్వని వంటివి స్వరాలను తిన్నగా నిలిపి పాడినా తమ రూపం కోల్పోవు. మోహనంలో స, రి, గ, ప, ధ అనే ఐదు స్వరాలే. వాటిలో ఏ రెండూ ఒకదానికొకటి అతి సమీపంగా లేవు. కనుక ఆ ఐదింటిలో ఏ రెండు ఒకేసారి పలికినా చెవికి కరుకుగా ఉండదు. పైగా హార్మొనీ అంటే నాలుగు స్వరాల దొంతర ఒక్కటే కాదు. ఒక బృందం పాట పాడుతూ ఉంటే, మరొక బృందం నోరు మూసుకుని షడ్జపంచమాలు గుంజించవచ్చును, తంబురా వలె. ఇంకొక బృందం పాట నడుమ విరామాలలో అదే రాగంలోని ఎదురువరుసను అందించవచ్చును. వేరొక బృందం జతులు పలకవచ్చును. ఇట్టి ఉపాయాలతో భారతీయ స్వరకర్తలు రాగాన్ని చెడనీయకుండా పలుగొంతుల పాటను సాధించినారు. శ్రీనివాసన్ వారిలో అగ్రగణ్యులు.

మార్కాపురం, కంభం ప్రాంతాలలోని క్రైస్తవ దేవాలయాల మాట ఇక్కడ చెప్పుకోవాలి. పందొమ్మిదవ శతాబ్దిలో ఒంగోలు మీదుగా అమెరికను బాప్టిస్టు మిషనువారు ఈ ప్రాంతాలకు వచ్చి సంఘాలు నెలకొల్పినారు. వారి దేశంలో నాలుగు గొంతుల స్తోత్రగానం నిత్యకృత్యం. కాని ఇక్కడి సంఘాలు ఎక్కువగా పాడుకున్నవి పురుషోత్తమ చౌదరి వంటి తెలుగు కవులు కర్ణాటక రాగతాళాలలో కట్టిన కీర్తనలు. వాటిని జనం డోలక్ మీద, తాళాల మీద భజనగానే పాడినారు. పరదేశపు మతం వచ్చినా పాట మాత్రం ఊరి పద్ధతి విడువలేదు. ఇందులో నాకు ఒక ఆనందమూ, కొద్దిగా చింతా కూడా ఉన్నవి. రెండు పద్ధతులు ఒకే కప్పు క్రింద కలుసుకున్నప్పుడు, ఒక తెలుగు శ్రీనివాసన్ అక్కడే పుట్టి ఉండవచ్చును గదా అనిపిస్తుంది.

తెలుగు భాష కూడా బృందానికి కొంత అన్యాయం చేసినది. బుర్రకథలో కథకునికి ఇరుపక్కల నిలిచిన వారిని వంతలు అంటాము. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు. వారు లేకపోతే కథ నడవదు. అయినా "వంత పాడడం" అన్న మాటను మనం తిట్టుగా మార్చుకున్నాము. ఒకడు చెప్పినదానికి తలయూపడం వంత పాడడమట! వంతపాట ఎంత కష్టమో నాజర్ పక్కన నిలిచినవారిని అడిగి ఉంటే తెలిసేది.

1980లలో శ్రీనివాసన్ జీవితం మరొక మలుపు తిరిగినది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పాఠశాలలలో సామూహికగానాన్ని ప్రవేశపెట్టడానికి పూనుకున్నది. పలు భాషల పాటలను ఏర్చి, ప్రతి ప్రాంతపు పిల్లలూ ఇతర ప్రాంతాల పాటలు నేర్చుకునేటట్లు చేయాలని సంకల్పం. సతీశ్ భాటియా, కను ఘోష్ వంటి స్వరకర్తలతో పాటు శ్రీనివాసన్ ఈ పనిలో ప్రముఖపాత్ర వహించినారు. శిబిరాలు పెట్టి మొదట పిల్లలకు కాదు, ఉపాధ్యాయులకు నేర్పినారు. ఒక ఉపాధ్యాయుడు నేర్చుకుంటే ఏటా నూరుమంది పిల్లలకు పాట చేరుతుంది. ఆ ఉపాధ్యాయులలో అధికసంఖ్యాకులు సంగీతం చదివినవారు కారు. లెక్కలు, సాంఘికశాస్త్రం చెప్పుకునేవారు. అది ఈ పథకంలోని లోపమని కొందరు అన్నారు గాని, నా దృష్టిలో అదే దాని బలం.

జాతీయసమైక్యత పేరిట సర్కారు తలపెట్టే పనులన్నిటికీ పట్టే గతి దీనికి కూడా కొంత పట్టినది. శిబిరం జరిగిన ఏడు ఉత్సాహం, మరుసటి ఏడు మరపు. పాట పుస్తకంలో ఉన్నది, గొంతులో లేదు. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లో కళలను పాఠశాలవిద్యలో విడదీయరాని భాగం చేయాలని చెప్పినది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ మాటే చెప్పినది. ఆచరణలో సంగీతోపాధ్యాయుడు లేని ఉన్నతపాఠశాలలే పల్లెటూళ్లలో ఎక్కువ. ఉన్నచోట కూడా పరీక్షలు దగ్గర పడగానే సంగీతం పీరియడును గణితానికి ఇచ్చివేయడం మనకు అలవాటే.

తెలుగునాట ఈ కృషి చేసినవారు లేరనుకోరాదు. మద్రాసులో 1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాలానంద సంఘాన్ని నెలకొల్పినారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా వారు ఒక తరం పిల్లలకు ఇంటిమనుషులైనారు. ఆ కార్యక్రమాలలో ఒక్క పిల్లవాని పాట కంటె పిల్లల గుంపు పాటకే ప్రాధాన్యం. బాలాంత్రపు రజనీకాంతరావు 1941 నుండి ఆకాశవాణిలో పనిచేస్తూ లలితసంగీతాన్ని ఒక ప్రత్యేకశాఖగా పెంపొందించినారు. ఆయన నాటిన భక్తిరంజని తెల్లవారుజామున విజయవాడ నుండి వినవచ్చినది. హైదరాబాదు కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ ఎన్నో ఏండ్లు శ్రోతలకు పాటలు నేర్పినారు. పాదం పాదంగా చెప్పి, మరల చెప్పి, కలిసి పాడమనే ఆ పద్ధతిలో రేడియో ముందు కూర్చున్న పిల్ల ఏ పల్లెలో ఉన్నా తరగతిలో ఉన్నట్లే. గొంతు పరీక్షించి వెళ్లగొట్టేవారు లేరు. రేడియోకు మన గొంతు వినపడదు కదా!

అయితే వీరి పాటలు చాలావరకు ఏకస్వరగానమే. పలుగొంతులను పలువరుసలలో నడిపి, వాటిని మరల ముడివేసే విద్య తెలుగు పాఠశాలలకు నేటికీ సరిగా చేరలేదు. ఇది అసాధ్యమైన పనా? తర్లుపాడులోనో, రాచర్లలోనో, ఒక ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయిని ఈ పనికి పూనుకున్నదని అనుకుందాం. ఆమెకు సంగీతం రాదు. పాట అంటే ఇష్టం ఉన్నది. అంతే.

మొదట ఆమె చూడవలసినది శ్రుతి. మన బడులలో పిల్లల పాట చెడడానికి మొదటి కారణం పిల్లలు కారు, పంతులుగారు. ఆయన ఒకటి శ్రుతిలో ఎత్తుకుంటారు. ఐదు, ఆరు శ్రుతుల ప్రాంతంలో హాయిగా పాడగల పిల్లలు ఆ మంద్రంలోకి దిగలేక గొణుగుతారు. లేదా పైస్థాయికి ఎగిరి అరుస్తారు. రెండింటికీ తిట్లు తప్పవు. పిల్లలకు నప్పే శ్రుతిని పెట్టుకుని, పంతులుగారు తన పాటను తగ్గించుకోవాలి. శ్రుతిపెట్టె లేకపోతే నేడు చేతిఫోనులోనే తంబురా దొరుకుతున్నది.

రెండవది వినడం. పాడే ముందు కళ్లు మూసుకుని షడ్జం వినాలి, నోరు మూసుకుని దానిలో కలవాలి, తరువాతనే అకారం. పక్కవాని గొంతు నీకు వినపడకపోతే నీవు గట్టిగా పాడుతున్నావన్న మాట. ఈ ఒక్క సూత్రం చెబితే చాలు, అరుపు సగం తగ్గుతుంది. అపశ్రుతి పలికే పిల్లలు తరచుగా చెవి లేనివారు కారు. ఎప్పుడూ నిదానంగా వినే అవకాశం లేనివారు. అట్టివానిని శ్రుతి కుదిరిన ఇద్దరి నడుమ నిలబెట్టాలి గాని, కూర్చోబెట్టరాదు.

మూడవది, మోహనంలోని ఒక చిన్న పాట అందరికీ ఏకకంఠంగా రావాలి. వచ్చిన తరువాత తరగతిని రెండుగా చేసి, మొదటి వరుసవారు ఒక పాదం ముగించగానే రెండవ వరుసవారు మొదటినుండి ఎత్తుకోవాలి. ఒకే పాట తనను తానే వెంబడిస్తుంది. అందరూ పాడుతున్నది ఒకే వరుస, కాని ఏ క్షణంలోనైనా వినిపించేవి రెండు స్వరాలు. పాట మోహనంలో ఉన్నది కనుక అవి ఒకదానికొకటి అడ్డురావు. మొదటిరోజు పిల్లలు నవ్వుతారు, తప్పుతారు, ఒక వరుస రెండవ వరుసలోకి జారిపోతుంది. నాలుగు దినాలకు నిలుస్తారు. తన పాట తాను పాడుకుంటూ ఎదుటివాని వేరు పాటను వింటూ నిలబడగలిగిన ఆ క్షణంలో పిల్లవాని ముఖం చూడవలసిందే. ఆ తరువాత మూడవ వరుసకు షడ్జపంచమాల గుంజారవం ఇస్తే, మూడు గొంతుల బృందగానం సిద్ధం.

మగపిల్లల విషయంలో ఒక హెచ్చరిక. ఎనిమిది, తొమ్మిది తరగతులలో వారి గొంతు పగులుతుంది. నిన్నటిదాకా ముందువరుసలో పాడినవాడు నేడు కీచుమంటాడు, తోటివారు నవ్వుతారు, వాడు సిగ్గుతో పాట మానివేస్తాడు. అది లోపం కాదని, ఎదుగుదల అని ముందే చెప్పాలి. ఆ ఏడాది వానికి మంద్రంలో రెండు మూడు స్వరాలే ఇచ్చి, పైకి లాగకుండా ఉండాలి. బృందగానంలో అట్టివానికి కూడా చోటున్నది. ఒంటిపాటలో లేదు.

తాళం మాట నేను వదలివేసినాను. దానికి కారణం ఉన్నది. గిద్దలూరు పల్లెల పిల్లలకు తాళం నేర్పడానికి బయటివారెవరూ రానక్కరలేదు. ఊరిలోని చెక్కభజన గురువును ఒక శనివారం బడికి పిలిస్తే చాలు. ఆయనకు డిగ్రీ ఉండదు. బహుశా సంతకమే కష్టం కావచ్చును. అయినా ఇరువది మందిని ఒక్క అడుగులో నడిపించడం ఆయనకు తెలిసినంతగా శిక్షణకళాశాలలో చదివిన మనకు తెలియదు. ఆయనను బల్లమీద కూర్చోబెట్టి, ఉపాధ్యాయులు పిల్లల వరుసలో నిలబడే దృశ్యం నేను చూడాలని కోరుకునే వాటిలో ఒకటి.

మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతులలో ఉండేవి. ఏ భాష పిల్లవాడైనా తన అక్షరాలు దిద్దుకున్నది మన నేలలోని రాతిమీదనే. కాగితం, ప్లాస్టిక్ వచ్చిన తరువాత పలకకు గిరాకీ తగ్గినది. పరిశ్రమ నేలబండల వైపు, గోడబండల వైపు మళ్లినది. గనులలో, పలకల కర్మాగారాలలో శ్రమించే కుటుంబాల పిల్లలు నేటికీ ఈ బడులలోనే చదువుతున్నారు. వానలు సరిగా పడని ఏడు వారి తల్లిదండ్రులు వలసపోతారు. పిల్లవాడు మూడు నెలలు బడికి రాడు. తిరిగి వచ్చినప్పుడు పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి. గణితంలో వాడు వెనుకబడినాడు, సైన్సులో వెనుకబడినాడు. ఉదయం ప్రార్థనలో మాత్రం వరుసలో తన చోట తాను నిలబడి, తెలిసిన పాటలో గొంతు కలపగలడు. బడి తనను మరచిపోలేదని వానికి తెలిసే మొదటి చోటు అదే. ఆ చోటునుండి కూడా "నీవు కూర్చో" అని అనవచ్చునా?

శ్రీనివాసన్ చివరి ప్రయాణం లక్షద్వీపాలకు. అరబ్బీ సముద్రంలోని ఆ చిన్న దీవులలో జనం మలయాళానికి దగ్గరి మాట మాట్లాడుతారు. మినికాయ్ దీవిలో మాత్రం మాల్దీవులవారి భాషకు చెందిన మహల్. 1988లో, అరువది మూడవ ఏట, ఆయన అక్కడి పిల్లలకు బృందగానం నేర్పడానికి వెళ్లినారు. మార్చి 9న అక్కడనే మరణించినారు. తరువాత మద్రాసులో ఆయన శిష్యులు బృందాన్ని చెదరనీయలేదు. ఆయన పేరునే దానికి పెట్టుకుని పాడుతూ వచ్చినారు. తిరువనంతపురంలో కూడా ఆయన పేరిట ఒక యువబృందం వెలసినది. వాటిలో పాడేవారు పూర్వం వలెనే పగలు తమ తమ పనులు చూసుకుని, సాయంత్రం అభ్యాసానికి వచ్చేవారే.